తిప్పతీగ: రూపము, పెరుగుదల, ఆనవాళ్లు

మన పల్లెలలో తిప్పతీగను ఎరుగనివారు అరుదు. పొలము గట్టుమీది వేపచెట్టుపైనను, ఊరిబయటి ముళ్లకంచెమీదను, పాడుపడిన బందెలదొడ్డి గోడపైనను ఇది దానంతట అదే మొలచి అల్లుకొనును. జ్వరము తగిలినపుడు దీనిని తెచ్చి కషాయము కాచుకొనుట మనవారికి తరతరాలుగా వచ్చిన అలవాటు. అయినను, తెలిసిన మొక్కయే గదా యను ధీమాచేత దీనిని పరీక్షగా చూచినవారు తక్కువ. తమలపాకువంటి ఆకు గల తీగ కనబడిన చాలును, అదియే తిప్పతీగ యని కోసికొని పోవువారు పెక్కుమంది కలరు.

2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పటినుండి ఈ తీగకు గిరాకి పెరిగినది. దానితోపాటు పంచాయతీ సభ్యుల ముందుకు కొన్ని కొత్త ప్రశ్నలు వచ్చుచున్నవి. చెరువుకట్టమీది తీగను కోసికొని పోవుదుమని వర్తకుని మనుష్యులు వచ్చినపుడు ఎంతవరకు కోయనీయవచ్చును? కోసినది నిజముగా తిప్పతీగయేనా? బత్తాయి తోట గల రైతు వచ్చి, “ఊరి పోరంబోకులోని తీగవలన నా పండ్లు రాలిపోవుచున్నవి, పీకించుడు” అని కోరినచో అతని మాటలో నిజమున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానములు ఆ తీగ శరీరమునందే ఉన్నవి. కాబట్టి ఈ నెల పాఠములో దాని రూపమును మొదలునుండి చివరివరకు పరిశీలింతము. వీలైనచో ఈ పత్రికను చేతబట్టుకొని ఒక తీగ దగ్గరకు పోయి, చూచుచు చదువుకొనుట మంచిది.

కాండము

తిప్పతీగ బహువార్షికము. అనగా దోస, బీర తీగలవలె ఒక్క పంటకాలముతో చచ్చునది కాదు. ఏండ్ల తరబడి బ్రదుకును. నులితీగలు దీనికి లేవు. కాండమే ఆధారమును చుట్టుకొనుచు పైకి పోవును. తొలకరి పడినది మొదలు దీని పరుగు చూడవలెను. వానకాలము ముగియునప్పటికి చిన్న తీగ కంచెను కప్పివేసి, దగ్గర చెట్టున్నచో దాని కొమ్మలలోనికి ఎగబ్రాకి యుండును. ముదిరిన తీగలు పెద్ద వేపచెట్టు తలపైకి పోయి, అక్కడ గొడుగువలె పరచుకొనుట సాధారణముగా కనబడునదే.

లేతకాండము పచ్చగా, నునుపుగా నుండును. ముదిరినకొలది దానిపై బూడిదరంగో లేత గోధుమరంగో గల పలుచని పొర యేర్పడును. ఈ పొర కాగితమువంటిది. గోటితో గీరినచో సులభముగా లేచిపోయి, లోపల పచ్చని పొర బయటపడును. ఇది మొదటి గుర్తు. కాండముమీద అక్కడక్కడ గుండ్రని చిన్న మచ్చలు పైకి ఉబికి యుండును. ఇవి గాలి లోనికి పోవుటకు ఏర్పడిన రంధ్రముల మచ్చలు. వీనిని బుడిపెలని భ్రమపడరాదు. ఆ సంగతి ముందు మరల వచ్చును.

ఇక బొటనవ్రేలంత లావు గల కాండమును కత్తితో అడ్డముగా కోసి, కోసిన ముఖమును చూడుడు. బండిచక్రము కనబడును. నడుమ చిన్న కుండ, దానినుండి అంచువరకు ఆకులవలె వ్యాపించిన గీతలు. కొయ్యభాగము ఆప్పుముక్కల ఆకారమున విడివిడిగా నుండి, వాని మధ్య మెత్తని పదార్థము వెడల్పు దారులుగా నుండుటచేత ఈ చక్రము ఏర్పడుచున్నది. కొయ్య గట్టిదికాదు, మెత్తనిది, రంధ్రములు గలది. కోసిన వెంటనే తెల్లగా నున్న ముఖము, గాలి తగిలిన కొలదిసేపటికి పసుపురంగునకు తిరుగును. ముక్కను నమలి చూచినచో జిగట, దానివెంట గట్టి చేదు. కాండమునందు పిండిపదార్థము పుష్కలముగా నున్నది. కాండమును దంచి నీటిలో పిసికి, వడగట్టి, తేరనిచ్చినచో అడుగున పేరుకొను తెల్లని పిండియే అంగళ్లలో తిప్పసత్తు అను పేరుతో అమ్ముడగునది.

ఊడలు

తిప్పతీగ గుణములన్నిటిలోను పంచాయతీ సభ్యులు ముఖ్యముగా తెలిసికొనవలసినది దీని ఊడల సంగతి. మర్రిచెట్టునకు వలె దీనికిని ఊడలు కలవు. మర్రి ఊడలు మోకులవలె నుండగా ఇవి దారములవలె సన్నముగా నుండును. చెట్టు కొమ్మలలో పరచుకొన్న తీగనుండి ఇవి తిన్నగా క్రిందికి వ్రేలాడుచు, దినదినము సాగుచు, కొన్ని నేలను తాకును. నేలను తాకిన ఊడ మన్నులోనికి దిగి, లావెక్కి, మరియొక వేరుగా పనిచేయును.

దీని ఫలితమేమి? తీగను మొదట నరికినంతమాత్రమున పైభాగము చావదు. కాండములో నిలువయున్న పిండితోను తేమతోను అది వారములకొలది బ్రదికియుండి, కొత్త ఊడలను క్రిందికి వదలి, మరల నేలను పట్టుకొనును. “మొదలు తెగగొట్టి రెండు నెలలైనది, పైన ఇంకను పచ్చగానే యున్నది” అని రైతులు ఆశ్చర్యపడుట మేము పెక్కుచోట్ల విన్నాము. ఇందులో మంత్రమేమియు లేదు. కోసి కంచెమీద పారవేసిన ముక్క గూడ, తేమ తగిలినచో కణుపులవద్ద వేరువేసి బ్రదుకును.

ఈ గుణమును చూచియే కాబోలు, తిప్పతీగ చెట్టు రసమును త్రాగి బ్రదుకునని కొందరు తలంచుదురు. అది పొరపాటు. మామిడిచెట్టు కొమ్మలపై మొలచు బదనిక, పసుపుదారములవలె మొక్కలను చుట్టుకొను సీతమ్మ పోగునూలు చెట్టు శరీరములోనికి వేళ్లను గ్రుచ్చి ఆహారమును లాగుకొనును. తిప్పతీగ అటువంటిది కాదు. దానికి కావలసిన నీరు, లవణములు నేలనుండియే వచ్చును. చెట్టు దానికి నిచ్చెన మాత్రమే. అయితే మితిమీరి కమ్ముకొన్న తీగ చెట్టునకు వెలుతురు తగులనీయదు. బరువుచేత చిన్న కొమ్మలను వంచును. లేత చెట్లపై దీనిని పోనీయకుండుట మేలు. ముదిరిన వేపచెట్టునకు దీనివలన చెప్పుకోదగిన నష్టము లేదు. వేపపై అల్లుకొన్న తీగయే మేలైన ఔషధమని వైద్యులలో నమ్మకము కలదు. వర్తకులు వేపచెట్ల మీదికే ముందు పోవుటకు అది గూడ ఒక కారణము.

ఆకు, పూవు, పండు

ఆకు హృదయాకారముగ నుండును. శాస్త్రజ్ఞులు ఈ మొక్కకు పెట్టిన టైనోస్పోరా కార్డిఫోలియా అను పేరులో రెండవ మాటకు అర్థము హృదయమువంటి ఆకు గలది అని. అయితే హృదయాకారపు ఆకులు గల తీగలు మన కంచెలలో ఇంకను కలవు గనుక ఆకునుబట్టి మాత్రమే నిర్ణయము చేయరాదు. ఆకుకంటె దాని కాడ ఎక్కువ గుర్తు చెప్పును. కాడ పొడవైనది, ముదిరిన ఆకులకు జానెడువరకు నుండును. అది తీగను అంటిన చోట ఉబ్బి, కొంచెము మెలిపడి యుండును. ఈ మెలియే ఆకును వెలుతురువైపు త్రిప్పు కీలు. ఆకు మొదటనుండి ఏడు ఈనెలు వ్రేళ్లవలె విచ్చుకొనును. ఆకులు జతలుగా గాక, ఒకటి ఈ వైపున, ఒకటి ఆ వైపున ఉండును. ఆకు పలుచన, తడిమినచో నునుపు.

ఎండకాలమున తీగ ఆకు రాల్చును. ఆ బోడితీగమీదనే, లేదా కొత్త చిగురుతోపాటు, పూవులు వచ్చును. పసుపుపచ్చ కలిసిన మిక్కిలి చిన్న పూవులు, సన్నని పొడవాటి గుత్తులు. సామాన్యముగా వీనిని ఎవరును గమనింపరు. భూతద్దముతో చూచినచో రక్షకపత్రములు ఆరు, ఆకర్షకపత్రములు ఆరు కనబడును.

తాటిచెట్లలో పోతుతాడు, పండుతాడు ఉన్నట్లే తిప్పతీగలోను మగతీగ వేరు, ఆడుతీగ వేరు. మగపూవులు గుంపులుగా నుండును. ఆడుపూవులు సాధారణముగా ఒక్కొక్కటిగా నుండును. పండ్లు ఆడుతీగకు మాత్రమే కాయును. బఠాణీగింజంత, గుండ్రన, పండినపుడు ఎర్రన. పక్షులు తిని విత్తులను దూరమునకు చేర్చును. ఒక ఊరిలోని తీగలన్నియు ఒకే తల్లినుండి ముక్కలుగా నాటినవైనచో అవన్నియు మగవియో, అన్నియు ఆడువియో అగును. అప్పుడు ఆ ఊరిలో విత్తనము కట్టదు. కొమ్మముక్కలతో నాటునపుడు ఈ విషయమును సామాన్యముగా ఎవరును తలపెట్టరు.

పాత పేర్లు చెప్పు గుర్తులు

ఆయుర్వేద గ్రంథములలో ఈ తీగకు గుడూచి, అమృత అను పేర్లతోపాటు ఇంకను పెక్కు పేర్లు కలవు. ఇవి కేవలము పొగడ్తలు కావు. వీనిలో కొన్ని మన పూర్వులు మొక్కను ఎంత నిశితముగా చూచిరో తెలుపును. ఛిన్నోద్భవ యనగా తెగగొట్టినను మరల పుట్టునది. ఇంతకుముందు చెప్పిన ఊడల సంగతి ఈ ఒక్క మాటలో నున్నది. చక్రలక్షణిక యనగా చక్రపు గుర్తు గలది. కోసిన ముఖమును చూచినవాడే ఆ పేరు పెట్టియుండును. కుండలి యనగా చుట్టలు చుట్టుకొనునది. వత్సాదని యనగా దూడలు తినునది. పశువుల కాపరికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. రావణవధానంతరము ఇంద్రుడు వానరులపై అమృతమును కురిపింపగా, వారి దేహములనుండి జారిన చుక్కలు పడినచోట ఈ తీగ పుట్టినదను కథ భావప్రకాశమునందు కలదు. తెగినను చావని మొక్కకు అమృతమును ముడిపెట్టుటలో ఔచిత్యమున్నది.

పోలికగల తీగలు

మన కంచెలలో తిప్పతీగతో కలిసిమెలిసి పెరుగునది దూసరతీగ. ఇదియు ఆ కుటుంబమునకు చెందినదే. కాని దీని ఆకు చిన్నది, మెత్తని నూగు గలది; కాండము సన్నము. ఆకును నీటిలో పిసికి కొంతసేపు ఉంచినచో నీరు గడ్డకట్టి జున్నువలె నగును. పిల్లలు ఆటగా చేయునదే గనుక ఈ తీగను వేరుపరచుటకు కష్టము లేదు. తిప్పతీగకు దగ్గర బంధువైన మరియొక జాతిలో ఆకుల అడుగునను, లేతకొమ్మలమీదను దట్టమైన నూగు ఉండును. నునుపైన ఆకు తిప్పతీగది, నూగుటాకు దానిది, అని గుర్తుంచుకొనవలెను.

అసలు చిక్కు టైనోస్పోరా క్రిస్పా అను జాతివలన వచ్చినది. ఇది ఆగ్నేయాసియాలో ఎక్కువగా వాడుకలో నున్న తీగ. దూరమునుండి చూచినచో రెంటికిని భేదము తెలియదు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ రెంటిని వేరుపరచు గుర్తులను ప్రకటించినది. క్రిస్పా కాండము బూడిదవన్నెది. దానిపై బుడిపెలు దగ్గరదగ్గరగా, కాకరకాయ వీపువలె నిండియుండును. గాటు పెట్టినచో పాలవంటి రసము వచ్చును. పూవునకు ఆకర్షకపత్రములు మూడే. పండు కోలగా, నారింజవన్నెగా నుండును. తిప్పతీగ కాండము పచ్చనిది, బుడిపెలు లేనిది, పాలు కారనిది; పూవునకు ఆరు ఆకర్షకపత్రములు; పండు గుండ్రనిది, ఎర్రనిది. ముదిరిన తిప్పతీగపై నుండు గాలిమచ్చలు అక్కడొకటి ఇక్కడొకటి యుండు చుక్కలే గాని, చేతికి గరుకుగా గ్రుచ్చుకొను బుడిపెలు కావు. సందేహము కలిగినచో పూవును లేదా పండును చూచువరకు ఆగుట మంచిది.

గుర్తుపట్టుటలో పొరపడినచో ఏమగును? 2021లో ముంబయి వైద్యులు కొందరు, తిప్పతీగ యని వాడిన మందులవలన కాలేయము దెబ్బతిన్న ఆరుగురు రోగుల వృత్తాంతమును వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆ రోగులు 2020 సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య చికిత్సకు వచ్చినవారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దీనిని అంగీకరింపక, పోలిక గల వేరు జాతిని వాడియుందురని వాదించినది. 2022లో దేశమునందలి 13 వైద్యకేంద్రములవారు కలిసి 43 మంది రోగులను గూర్చి మరియొక నివేదికను వెలువరించిరి. అందులో పరీక్షించిన మొక్కలు నిజమైన తిప్పతీగయే యనియు, శరీరము తన అవయవములపైననే తిరుగబడు స్వభావపు వ్యాధి లోపల దాగియున్నవారిలో ఇది ప్రమాదము కావచ్చుననియు వైద్యులు తేల్చిరి. వివాదము ఇంకను సమసిపోలేదు. కాని గ్రామపెద్దలు దీనినుండి గ్రహింపవలసిన విషయము స్పష్టము. సరియైన తీగయైనను అది మందే గాని కూర కాదు. కాలేయవ్యాధి గలవారు, గర్భిణులు, మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని అడుగక దీనిని నెలల తరబడి త్రాగరాదు. ఇది రక్తములోని చక్కెరను తగ్గించు గుణము గలది. పంచాయతీ కార్యాలయము ముందు కళాయి పెట్టి వచ్చినవారందరికి కషాయము పంచుట సదుద్దేశముతో చేయు పనియే. ఐనను త్రాగువారి ఆరోగ్యస్థితి తెలియకుండ అట్లు పంచుటను మేము సమర్థింపజాలము.

బత్తాయి రైతు చెప్పు మాట

బత్తాయి రైతు ఫిర్యాదునకు ఆధారము కలదు. బత్తాయి, నిమ్మ, దానిమ్మ తోటలలో రాత్రివేళ పండునకు తొండము గ్రుచ్చి రసమును పీల్చు పెద్ద రెక్కలపురుగు ఒకటి యున్నది. గ్రుచ్చినచోట పండు మెత్తబడి, కుళ్లి, రాలిపోవును. చిత్రమేమనగా, ఈ పురుగు యొక్క గొంగళిదశ తోటలో గడువదు. తల్లిపురుగు గ్రుడ్లు పెట్టునది తిప్పతీగ, దూసరతీగ వంటి తీగలమీద. గొంగళిపురుగులు ఆ ఆకులనే తిని పెరిగి, రెక్కలు వచ్చిన పిదప పండ్లమీదికి పోవును. తోటలో ఎన్నిమార్లు మందు చల్లినను ఫలితము తక్కువగా నుండుటకు ఇదియే కారణము. కావున నల్లగొండ, అనంతపురము ప్రాంతములవలె బత్తాయి విస్తారముగా గల చోట్ల, తోటల చుట్టుప్రక్కల నుండి ఈ తీగలను తొలగించవలెనని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పురుగు దూరము ఎగురగలది గనుక ఈ ఒక్క పనితో బాధ పూర్తిగా తీరదు. రాలిన పండ్లను ఏరి పూడ్చుట, పండ్లకు సంచులు కట్టుట గూడ చేయవలసియుండును.

తొలగించునపుడు తీగ గుణమును మరువరాదు. మొదలు నరికి పోవుట పనికిరాదు. వేరును త్రవ్వి తీసి, చెట్టుపైని భాగమును క్రిందికి లాగి, ముక్కలను బండమీద ఎండలో పూర్తిగా ఎండనీయవలెను. కాలువగట్టున పారవేసినచో ఒక తీగకు బదులు పది మొలచును.

కోత, నాటుట, నమోదు

తోటలు లేని ఊళ్లలో ఇదే తీగ ఆదాయము నీయగలది. ఇక్కడ చిక్కు దురాశతో కోయుటయే. వర్తకుని కూలివాడు బరువునుబట్టి డబ్బు పుచ్చుకొనును గనుక వేరుతోసహా లాగివేయును. తెగినను మొలచు మొక్కయే గదా యని ఊరివారు ఊరకుందురు. తీగ ఎంత మొండిదైనను, వేరు పోయి, పైభాగమంతయు మోపులలో వెడలిపోయినచో మొలచుటకు ఏమి మిగులును? కోతకు అనుమతి యిచ్చునపుడు ఈ షరతులను తీర్మానములో వ్రాయుట మంచిది. అంగుళము లావునకు తగ్గిన కాండమును ముట్టరాదు. నేలనుండి కనీసము మూరెడు మొదలును విడువవలెను. ఒక చెట్టుమీది తీగలనన్నిటిని ఒకేసారి కోయరాదు. పండ్లతో నున్న ఆడుతీగను పక్షులు తినువరకు వదలవలెను. వానలు వెనుకబట్టిన తరువాత కోసిన కాండమును ముక్కలు చేసి నీడన ఆరబెట్టుదురు.

నాటదలచినవారికి ఇంతకంటె సులభమైన పంట లేదు. జూన్, జూలై నెలలలో ముదిరిన తీగనుండి జానెడు పొడవున, రెండు కణుపులుండునట్లు ముక్కలు కోసి, మొదటివైపు క్రిందికి వచ్చునట్లు ఒక కణుపును మన్నులో పాతవలెను. నీరు నిలువని నేల చాలును. ఎక్కుటకు వేప, కానుగ వంటి చెట్టో, గట్టి కంచెయో ఉండవలెను. మగతీగనుండియు ఆడుతీగనుండియు ముక్కలు తెచ్చి కలిపి నాటుట యుక్తము.

2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలు జీవవైవిధ్య నిర్వహణ కమిటీలను ఏర్పరచి, ఊరి మొక్కలను, జంతువులను, వానిని గూర్చి ప్రజలకు గల జ్ఞానమును ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయవలసియున్నది. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీ ఫలసాయముపై గ్రామసభకు 1996వ సంవత్సరపు పెసా చట్టము హక్కు కల్పించినది. మేము చూచిన రిజిస్టర్లు కొన్నింటిలో తిప్పతీగకు ఎదురుగా “ఉన్నది” అను ఒక్క మాట మాత్రమే వ్రాసియున్నది. ఆ మాటవలన ఎవరికిని ప్రయోజనము లేదు. ఏ గట్టున, ఏ చెట్టుపైన, మగదియో ఆడుదియో, మొదలు ఎంత లావున్నదో, ప్రక్కన ఎవరి బత్తాయి తోట యున్నదో వ్రాయవలెను. ఈ పనికి ఎండకాలమే అనువైనది. అప్పుడు ఆకులు రాలి కాండము, ఊడలు బయటపడును, పూగుత్తులు చేతికందును, ఊరి వైద్యునికిని, పశువుల కాపరికిని తీరిక ఉండును.